పక్కగాలి

విమానాన్ని చూడాలంటే పొద్దున్నే చూడాలన్నది ఆ రాడార్ కేంద్రంలో ఏళ్ళ తరబడి పాతుకుపోయిన అలవాటు. ఎండ ముదరక ముందు గాలి ఇంకా నిద్ర లేవనట్టు ఉంటుంది. ఆ వేళలో విమానం కుదుపుల్లేకుండా వస్తుంది, దాని నమూనా శుభ్రంగా పడుతుంది. అందుకని అక్కడివాళ్ళు పొద్దుటి పూట విమానాలు ఎగరేయించుకుని, మధ్యాహ్నమంతా చల్లటి గదిలో కూచుని లెక్కలు చేసుకునేవారు. ఈ ఏర్పాటు అందరికీ సుఖంగా ఉండేది. సుఖంగా ఉన్నదాని మీద ఎవరికీ అనుమానం రాదు కదా, వీళ్ళకీ రాలేదు.

నమూనాల విభాగం చూసే ఆవిడని ఎదురుగా ‘మేడమ్’ అనీ, వెనకాల ‘జల్లెడ’ అనీ పిలిచేవారు. ఏ అంకె ఆమె చేతిలో పడినా నాలుగుసార్లు జల్లించందే బయటికి వచ్చేది కాదు. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసి, పైకి చిరాకు పడినా లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

జల్లెడ చేసే పని ఇది. మామూలు రాడార్‌కి విమానం ఒక చుక్క. ఆ చుక్క మన విమానమా, మన మీదికి వచ్చే విమానమా, పిల్లాజెల్లాతో సెలవులకి వెళ్ళే ప్రయాణికులదా అన్నది చుక్కని చూస్తే తెలియదు. ఈ కొత్త రాడార్ చూపు సన్నం. విమానం మీద ముక్కు నుంచి తోక దాకా తగిలి తిరిగొచ్చిన తరంగాన్ని అది ముక్కలు ముక్కలుగా విడదీసి ఒక వరసలో గీస్తుంది. ముక్కు దగ్గర చిన్న మిట్ట, ఇంజన్ల దగ్గర జంట గుట్టలు, రెక్కలు అతికిన చోట పెద్ద గుట్ట, తోక దగ్గర మళ్ళీ ఒకటి. ఏ విమానం గుట్టల వరస దానిదే. చిక్కల్లా ఏమిటంటే, విమానం కాస్త పక్కకి తిరిగితే చాలు, గుట్టలన్నీ చోటు మారిపోతాయి. అందుకని ఒక్కో విమానానికి ఒక్కో కోణం నుంచి నమూనా తీసి దాచిపెట్టారు. విమానం ఏ దారిన వస్తోందో రాడార్ చూస్తుంది. దారి ఎటుంటే ముక్కు అటే ఉంటుందని లెక్కగట్టి, ఆ కోణం నమూనాలన్నిటితో పోల్చి, ఇది ఫలానా అని కంప్యూటర్ పేరు చెబుతుంది.

ఆ నమూనాల కోసం కేంద్రం తాలూకు రెండు ఇంజన్ల విమానాన్ని ఎన్ని పొద్దుటి పూటలు ఎగరేశాడో లెక్కలేని మనిషి ఆమె బావగారు, భర్తకి స్వయానా అన్న. ఆమె ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఆయన అక్కడ పైలట్. చుట్టరికం సంగతి అందరికీ తెలుసు. తెలుసు గనకే ఆఫీసులో ఆమె ఆయన్ని ‘కెప్టెన్’ అనేది, ఆయన ఆమెని ‘మేడమ్’ అనేవాడు. సాయంత్రం గేటు దాటి కారెక్కగానే ఆయన గొంతు మారిపోయేది. “ఏమ్మాయ్, ఇవాళ ఎంతమంది తల తిన్నావు?” అనేవాడు.

పైనుంచి పెద్దవాళ్ళు ఈ రాడార్ పనితనం చూడడానికి రావాల్సిన రోజు రానే వచ్చింది. పొద్దున్నే వస్తారని విమానాన్ని సిద్ధం చేసి, కుర్చీలకి కొత్త గుడ్డలు తొడిగి, అందరూ గుమ్మంకేసి చూస్తూ నిలబడ్డారు. వాళ్ళు భోజనాలు ముగించుకుని మధ్యాహ్నం తీరిగ్గా వచ్చారు. అప్పటికి రన్‌వే పక్కన స్తంభానికి కట్టిన, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డగొట్టం గంజి పెట్టినట్టు అడ్డంగా బిగుసుకుని ఉంది. కానీ రాడార్ గదికి కిటికీలు లేవు.

బావగారి విమానం చాలా దూరం నుంచి నేరుగా రాడార్ వైపు గీసిన గీత మీద రావాలి. వచ్చింది. చుక్క తెర మీద గుట్టల వరసగా విడింది. అతిథులు ముందుకి వంగారు. మనదైతే పచ్చ, ప్రయాణికులదైతే పసుపు, పరాయిదైతే ఎరుపు. కంప్యూటర్ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, బావగారి విమానం చుట్టూ ఎర్రటి గడి గీసింది.

అతిథులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వైర్‌లెస్‌లో బావగారి గొంతు మాత్రం ఎప్పటిలాగే నింపాదిగా వినిపించింది. “గీత మీదే ఉన్నాను. వస్తున్నాను.” రెండోసారి రమ్మన్నారు. రెండోసారీ ఎరుపే.

“మీ సొంత విమానాన్నే మీరు కూల్చుకునేట్టున్నారే!” అన్నాడు అతిథుల్లో పెద్దాయన. అందరూ నవ్వాల్సి వచ్చింది గనక నవ్వారు. కేంద్రానికి అధిపతి అయిన పెద్దసారు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు ముఖం మీద అతికించినట్టుంది.

మర్నాడు జల్లెడ తలుపు వేసుకుని కూచుంది. ఎర్ర గడి పడిన ఆ గుట్టల వరసని తీసి, బావగారి విమానం నమూనాలన్నిటి పక్కనా ఒక్కొక్కటిగా పెట్టి చూసింది. నేరుగా వచ్చే కోణం నమూనాతో అది కలవలేదు. పక్కకి జరుపుతూ పోతే ఏడు డిగ్రీల దగ్గర గుట్టకి గుట్ట, పల్లానికి పల్లం అతికినట్టు కలిసిపోయింది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నమూనాలు సరైనవే, పోల్చే పద్ధతీ సరైనదే. విమానం ముక్కు ఉండాల్సిన చోట లేదు, అంతే.

అంతేనని తేలిపోయాక గానీ ఆ విమానం నడిపింది ఎవరో ఆమెకి గుర్తు రాలేదు.

సాయంత్రానికి పెద్దసారు గదిలో అందరూ చేరారు. బావగారు టోపీ ఒళ్ళో పెట్టుకుని చివరి కుర్చీలో కూచున్నాడు. పెద్దసారు చెడ్డమనిషి కాదు. తన చేతికింద పదేళ్ళ పని అతిథుల ముందు నవ్వులపాలైందన్న బాధ ఆయనది.

“కెప్టెన్‌గారూ, మీకిచ్చిన కాగితంలో ముక్కు రాడార్ వైపు ఉండాలని ఉంది కదా?” అన్నాడు.

“ఉందండీ. నేను గీత మీదే వచ్చాను.”

“గీత సంగతి కాదు కెప్టెన్,” అంది జల్లెడ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ముక్కు ఎటుందని అడుగుతున్నాం. నమూనా ప్రకారం ఏడు డిగ్రీలు పక్కకి ఉంది.”

బావగారు బొటనవేలితో టోపీ అంచుని రుద్దుకున్నాడు. “నిన్న మధ్యాహ్నం గాలి...” అని మొదలుపెట్టాడు.

“గాలి ఏ రోజు లేదండీ?” అన్నాడు పెద్దసారు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

గాలి ఎటు నుంచి అని అడగాలనిపించింది జల్లెడకి. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంకెవరైనా అయితే అడిగేదే. కానీ అప్పటికే గదిలో చూపులు తనకేసి తిరిగినట్టు, బావగారికి మాట అందిస్తోందేమోనని అందరూ కనిపెట్టుకుని కూచున్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళుగా తను కాపాడుకుంటూ వచ్చిన పేరు గుర్తొచ్చింది. మాట మింగేసి, ముందున్న కాగితాలు సర్దుకుంది.

బావగారు ఆమెకేసి ఒక్కసారి చూశాడు. “సాకులు చెప్పడం దేనికిలెండి,” అన్నాడు. “పక్కకే ఉండి ఉంటుంది. మేడమ్ లెక్క తప్పదు.”

ఆ మాటతో గదిలో అందరికీ కూచోవడం సులువైంది. జల్లెడ ఆ సాయంత్రమే నోటు రాసింది. విమానం నిర్దేశించిన దిశలో ఉంచబడలేదు అని రాసింది. ఎవరు ఉంచలేదో ఆ వాక్యంలో లేదు గానీ, విమానంలో ఉన్నది ఒక్కడే. అలాంటి నోటు పడితే పైలట్‌ని పక్కన పెట్టి, డాక్టరు పరీక్షా, ఎగిరే పరీక్షా మళ్ళీ చేయించాలన్నది అక్కడి నియమం. ఆ వయసులో ఒకసారి పక్కన పెట్టాక తిరిగి పైకి వెళ్ళినవాళ్ళు తక్కువ. ఇది తెలిసే ఆమె సంతకం పెట్టింది. సొంతవాళ్ళని కూడా చూడకుండా న్యాయంగా రాశానన్న గర్వం కూడా, చెప్పుకోవాలంటే, కాస్త కలిగింది.

గేటు బయట కారు దగ్గర బావగారు అప్పటికే నిలబడి ఉన్నాడు.

ఆ కారు స్టీరింగ్ మీద వేరేవాళ్ళ చెయ్యి పడగా ఎవరూ చూడలేదు. తమ్ముడికి ఇవ్వడు, మరదలికి ఇవ్వడు, కట్టుకున్నదానికి ఇవ్వడు. తాళాలు దిండు కింద పెట్టుకుని పడుకుంటారని ఆమె తోటికోడలు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తూ ఉంటుంది. అలాంటి మనిషి జేబులోంచి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇవాళ నువ్వు నడుపమ్మాయ్.”

“ఏం, ఒంట్లో బాగాలేదా బావగారూ?”

“బాగానే ఉంది. నువ్వు నడుపు.”

కోపం వచ్చిందనుకుంది. కోపమైతే ఎంత బాగుండేదో ఆమెకి అప్పుడు తెలియదు. ఆయన అటు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూచుని, బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. 

ఇంట్లో తోటికోడలికి సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. టీ గ్లాసులు బల్ల మీద ఠపీమని పెట్టింది.

“నువ్వు రాసింది తప్పని నేననడం లేదే. ఆ లెక్కలూ అవీ నాకేం తెలుసు? కానీ రాసేముందు ఒక్కమాట, ఏమైంది బావగారూ అని ఇంట్లో ఒక్కమాట అడక్కూడదా?”

“ఇంట్లో అడిగితే అది ఆఫీసు పని ఎలా అవుతుందక్కా?” అంది జల్లెడ.

“ఓహో! పరాయివాళ్ళయితే అడిగేదానివి, సొంతవాళ్ళు గనక అడగలేదు. బాగుంది.”

జల్లెడ భర్త పేపరు వెనకనుంచి బయటికి రాలేదు. బావగారే కలగజేసుకున్నాడు. “ఊరుకో. అమ్మాయి తన పని తను చేసింది. తప్పు నాదైతే దాన్ని అంటావేం?” అని టీ గ్లాసు అందుకున్నాడు. ఎప్పుడూ అంచు పట్టుకుని ఒంటిచేత్తో ఊదుకుంటూ తాగేవాడు, ఆ వేళ రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగేముందు గ్లాసులో టీ కదులుతోందా అని చూసుకున్నాడు. జల్లెడ అది చూసింది. చూసి, గ్లాసు వేడిగా ఉందేమోలే అనుకుంది.

తరవాతి రోజుల్లో ఆయన సెలవు పెట్టానని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాడు. తాళాలు బల్ల మీదే ఉండేవి. ఆమె రోజూ తీసుకుని వెళ్ళి, సాయంత్రం తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టేది.

అతిథులు ఇంకోసారి చూపించమన్నారు. అదీ మధ్యాహ్నమే చూపించమన్నారు. “శత్రువు పొద్దున్నే వస్తానని మీకేమైనా మాటిచ్చాడా?” అని ఫోన్‌లో అడిగారట. పెద్దసారు కొత్త పైలట్‌ని వేరే చోటు నుంచి పిలిపించాడు. వయసులో చిన్నవాడు, జుట్టు తల మీద నిలబడి ఉంటుంది, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. అతిథులు రాకముందే ఒకసారి ఎగరేసి చూసుకుందామని, ఒక మధ్యాహ్నం అతన్ని అదే విమానంలో, అదే గీత మీద పంపించారు.

ఎర్ర గడి పడింది.

జల్లెడ అక్కడికక్కడే గుట్టల వరస తీసి పోల్చింది. విమానం ముక్కు మళ్ళీ పక్కకే ఉంది. ఈసారి రెండోవైపుకి.

“ఇతనూ అంతేనా?” అని పెద్దసారు తలపట్టుకున్నాడు. “మనకి దొరికేవాళ్ళందరూ వంకరముక్కు వాళ్ళేనా ఏమిటమ్మా?”

కొత్త పైలట్ దిగి వచ్చాక జల్లెడే అతన్ని పక్కకి పిలిచింది. ముక్కు రాడార్ వైపు లేదని చెప్పింది. అతను నమలడం ఆపి, ఆమెని వింతగా చూశాడు.

“ఎలా ఉంటుందండీ? పక్కనుంచి ఈడ్చి కొడుతోందిగా గాలి!”

“గాలా? ఎటు నుంచి?” అంది జల్లెడ.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ ప్రశ్న. ఎవరికేసీ చూసుకోలేదు, ఏ మాటా మింగలేదు. అతను ఆమెకేమీ కాడు మరి. అడిగిన మరుక్షణం, ఆ రోజు పెద్దసారు గదిలో తను మింగేసిన ప్రశ్న ఇదేనని గుర్తొచ్చింది.

కొత్త పైలట్ అరచేతిని విమానంలా పెట్టి చూపించాడు. “ఇటు నుంచి. గాలి ఇలా తోస్తుంటే ముక్కు కాస్త గాలికేసి పెట్టి, ఇలా ఏటవాలుగా రావాలి. అప్పుడే గీత మీద ఉంటాం. గీత వద్దు ముక్కే కావాలంటారా, చెప్పండి, ముక్కు మీకేసే పెట్టుకుని పక్క ఊరిదాకా కొట్టుకుపోతాను.” తన హాస్యానికి తనే నవ్వుకుని, మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు.

జల్లెడ నవ్వలేదు. నేరుగా టవర్ కింద వాతావరణం వాళ్ళ గదికి వెళ్ళి, ఆ మధ్యాహ్నమూ ఈ మధ్యాహ్నమూ గాలి ఎటు నుంచి ఎంత వీచిందో అడిగి తెచ్చుకుంది. తన గదిలో తలుపు వేసుకుంది. విమానం వేగం, గాలి వేగం, గాలి దిక్కు. కాలేజీ పిల్లలు చేసే లెక్క అది. మొదటి మధ్యాహ్నం గాలికి ఆ గీత మీద తిన్నగా రావాలంటే ముక్కుని ఎంత పక్కకి తిప్పాలో లెక్కగట్టింది. ఏడు డిగ్రీలు. ఒక పొద్దుటి గాలి తీసి లెక్కగట్టింది. సున్నా. ఇంకో పొద్దుటిది. అదీ సున్నాయే. వాళ్ళ నమూనాలన్నీ, వాళ్ళ పరీక్షలన్నీ, సుఖంగా సాగిపోయిన ఆ ఏళ్ళన్నీ గాలి లేని వేళవి. దారి ఎటో ముక్కు అటే అనుకోవడానికి ఏ అడ్డూ తగలని వేళవి.

చివరికి రెండు విమానాల దారులూ తెర మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. కొత్త పైలట్ దారి గీతకి అటూ ఇటూ పాములా మెలికలు తిరుగుతూ వచ్చింది. బావగారి దారి గీత మీద గీత పెట్టినట్టుంది. అంత గాలిలో మొదటినుంచి చివరిదాకా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కదలకుండా ఉన్నందుకే ముక్కు అంత నిలకడగా పక్కకి ఉండిపోయింది. కాస్త తప్పి ఉంటే, చెయ్యి కాస్త అటూ ఇటూ అయి ఉంటే, ఒక్కసారైనా పచ్చ గడి పడి ఉండేదేమో.

ముక్కు పక్కకి ఉన్న విమానం గీత ఎందుకు తప్పలేదు? ఆ ఒక్క ప్రశ్న ఆమె వేసుకోలేదు. అన్నిటినీ నాలుగుసార్లు జల్లించిన మనిషి దీన్ని ఒక్కసారి కూడా జల్లించలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ముఖం చేతుల్లో దాచుకుంది. ఏడుపు రాలేదు. సిగ్గేసింది.

పెద్దసారు సంగతి విని ఎగిరి గంతేసినంత పని చేశాడు. “చూశావా! మన రాడార్‌లో లోపమే లేదు. గాలిని కూడా లెక్కలో కలిపెయ్యి, మధ్యాహ్నమేం ఖర్మ, తుఫానులో కూడా గుర్తుపడుతుంది!”

“కలుపుతాను సార్. ముందు నా నోటు వెనక్కి తీసుకోవాలి. కెప్టెన్ తప్పు లేదని రాసిస్తాను.”

ఆయన కనుబొమలు ముడిపడతాయనుకుంది. పడలేదు.

“రాయి తల్లీ. తప్పకుండా రాయి, నేనే సంతకం పెట్టి పైకి పంపిస్తాను. ఆ రోజు ఆయన్ని మధ్యలో ఆపింది నేనే కదా.” పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. “కానీ ఆయన్ని దింపింది ఆ నోటు కాదమ్మా. మొన్ననే వచ్చి, ఇంక ఎగరనని హెడ్‌సెట్ అప్పగించి వెళ్ళాడు. పరీక్ష చేయించుకోండి, ఎందుకు తొందర అంటే వినలేదు. పరీక్షలక్కర్లేదండీ, నాకు తెలిసిపోయింది అన్నాడు. నీతో చెప్పలేదూ?”

జల్లెడ లేదన్నట్టు తల ఊపి, అక్కడే కూచుని కాగితం రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

ఆమె ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. తోటికోడలు బజారుకి వెళ్ళినట్టుంది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయింది. బావగారు ఆమెకి వీపు చేసి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి తిన్నగా ముందుకి చాపి ఉంది. ఆ చేతిలో అంచుదాకా నీళ్ళు నింపిన గ్లాసు ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి దానికేసి చూస్తున్నాడు.

ఆమె చెప్పు చప్పుడికి తిరిగి చూసి, తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా ఆ నీళ్ళు గటగటా తాగేశాడు.

“ఏమ్మాయ్, పెందరాళే వచ్చావు? దాహమేసి...”

“బావగారూ, ఆ రోజు గాలి ఎటు నుంచి?”

ఆయన ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టాడు. “ఎడమ నుంచి. బాగా వీచింది. ఏం?”

ఆమె నిలబడే అంతా చెప్పింది. కొత్త పైలట్ సంగతీ, రెండోవైపు తిరిగిన ముక్కు సంగతీ, ఏడు డిగ్రీల లెక్కా, పొద్దుటి పూట నమూనాలూ. ఒక్కటీ దాచలేదు. వింటూ వింటూ ఉండగా బావగారి ముఖం విచ్చుకుంది. మధ్యలోనే అందుకుని మిగతాది తనే చెప్పేశాడు.

“అవును మరి! ముక్కు గాలికి పెట్టే ఉంటాను. పెట్టానని తెలియను కూడా తెలియదు. అన్నం తినేటప్పుడు చెయ్యి నోటికి ఎలా వెళ్తుందో చూసుకుంటామా? నాకు చూపించగలవా అది?”

ఆమె ఆయన్ని కారులో కేంద్రానికి తీసుకెళ్ళింది. నమూనాల గదిలో తన కుర్చీలో కూచోబెట్టి, ఆయన విమానం గుట్టల వరస తెర మీద వేసింది. గాలిని లెక్కలో కలిపాక కంప్యూటర్ మళ్ళీ పోల్చింది. ఎర్ర గడి పోయి పచ్చ గడి వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా వేలు పెట్టి, ఇది ముక్కా, ఇవి ఇంజన్లా అని అడిగాడు. ఇన్నేళ్ళుగా తను కిందివాళ్ళకి ఎలా కనిపిస్తున్నాడో ఆయన చూడడం అదే మొదటిసారి.

“అయితే ఇంక గాలిలో కూడా గుర్తుపడుతుందన్నమాట.”

“పడుతుంది బావగారూ. మీ వల్లే పడుతుంది.” ఆమె తెర వైపు నుంచి ఆయనకేసి తిరిగింది. “నన్ను క్షమించండి. ఆ రోజు మీరు గాలి అనగానే, ఎటు నుంచని అడగబోయాను. మీరు నాకు బావగారు కాకపోయుంటే అడిగేదాన్ని.”

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. “నువ్వు అడగలేదు సరే. నేనైనా చెప్పి ఉండాల్సింది. కానీ లెక్క చెప్పింది నువ్వు. ఇంకెవరైనా అని ఉంటే పోట్లాడేవాణ్ణి. నువ్వు అన్నావు గనక నిజమే అయి ఉంటుందనుకున్నాను.”

“నోటు వెనక్కి తీసుకున్నాను. పెద్దసారు సంతకం పెట్టారు. రేపే వెళ్ళి హెడ్‌సెట్ తెచ్చుకోండి. ఎవరూ కాదనరు.”

“తెలుసమ్మా, కాదనరు.” ఆయన తన కుడిచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి దానికేసి చూశాడు. “ఆ రోజు నుంచీ గ్లాసు పట్టుకున్నా, పెన్ను పట్టుకున్నా, ఇది వణుకుతోందా అని చూసుకుంటున్నాను. వణకడం లేదు. వణకడం లేదని తెలిసి కూడా చూసుకుంటున్నాను. పైన ఉన్నప్పుడు చూడాల్సింది ముందుకి. చేతికేసి చూసుకునేవాడు అక్కడ ఉండకూడదు.”

“అది పోతుంది బావగారూ. కొన్నాళ్ళకి అదే పోతుంది.”

“పోతుందేమో,” అన్నాడు ఆయన, ఆమెని నొప్పించడం ఇష్టం లేనట్టు. “పోయేసరికి నా వయసూ పోతుంది. పద, మీ అక్క వచ్చి ఉంటుంది.”

బయట కారు దగ్గర ఆమె తాళాలు ఆయనకి అందించింది. ఆయన తీసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. ఆమె పక్క సీటు వైపు అడుగు వేసింది. ఆయన తాళాలు తిరిగి ఆమె చేతిలో పెట్టి, అటు వెళ్ళి పక్క సీట్లో కూచున్నాడు.

“నువ్వే నడుపమ్మాయ్. బాగానే నడుపుతున్నావు.”

విమానాలు పెట్టే పెద్ద షెడ్లు దాటగానే ఆ రోడ్డుకి ఒకవైపు అడ్డేమీ ఉండదు. రన్‌వే మీదుగా గాలి సూటిగా వచ్చి కొడుతుంది. ఆమె షెడ్ల నీడలో నడుపుతూ, ఏమైనా మాట్లాడదామని ఆయనకేసి తిరిగింది. బావగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మోకాలి మీద ఉన్న కుడిచెయ్యి వేళ్ళు ముడుచుకుని, లేని స్టీరింగ్‌ని పట్టుకున్నట్టు, మణికట్టు దగ్గర నెమ్మదిగా గాలి రాబోయే వైపుకి తిరిగింది. ఏ మాత్రం వణుకు లేదు. ఆ తరవాత షెడ్లు అయిపోయి, గాలి కారుకి తగిలి, కారు పక్కకి జరిగింది. జల్లెడ కంగారుగా సరిచేసుకుంది.

ఆయన ఆ చేతిని చూసుకోలేదు. ఆమె చెబుదామని నోరు తెరిచింది. చెబితే ఆయన మళ్ళీ దానికేసి చూసుకోవడం మొదలుపెడతాడనిపించింది. ఊరుకుని, ఇంటిదాకా నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్ళింది.